గాలి ఎటు వీచిందో రాసిపెట్టుకున్న చిత్రకారుడు

"అక్టోబరు 8, మధ్యాహ్నం, వాయవ్యపు గాలి." ఫ్రెంచి చిత్రకారుడు యూజెన్ బూదాన్ తన పాస్టెల్ (పొడిరంగు కర్రల) బొమ్మల కాగితాల మీద రాసుకున్న మాటలు ఇలా ఉండేవి. బొమ్మకు పేరు లేదు, వర్ణన లేదు. తారీఖు, పూట, గాలి, అంతే. 1859లో కవి బోద్లేర్ ఆయన దగ్గర ఇలాంటి కాగితాలు వందలకొద్దీ చూశాడు. ఆ రాతకు చెయ్యి అడ్డుపెట్టినా సరే, అది ఏ రుతువో, ఏ పూటో, ఏ గాలో బొమ్మే చెప్పేస్తుందని ఆ ఏటి సలోన్ గురించి రాసిన వ్యాసంలో మెచ్చుకున్నాడు. సలోన్ అంటే పారిస్‌లో అధికారికంగా జరిగే పెద్ద చిత్రప్రదర్శన. బూదాన్ బొమ్మ అందులో గోడకెక్కడం అదే మొదటిసారి.

ఫ్రాన్సు సముద్రతీరాల గురించి ఎవరు మాట్లాడినా బూదాన్ త్రూవిల్ బీచ్ బొమ్మలు గుర్తుకొస్తాయి. ఇసుక మీద కుర్చీలు, గొడుగులు, గంటల్లా విప్పారిన లంగాలు, వాటి వెనక సన్నగా సముద్రం. క్యాలెండర్ల మీద, గ్రీటింగ్ కార్డుల మీద అచ్చయి అచ్చయి అవి ముచ్చటైన పాతకాలపు షికారు బొమ్మలుగా మిగిలిపోయాయి. నన్నడిగితే అవి షికారు బొమ్మలు కావు, వాతావరణం బొమ్మలు. ఆ మనుషులు అక్కడున్నది గాలి ఎటు వీస్తోందో, వెలుతురు ఎంత పల్చగా ఉందో మనకు తెలియడానికి. బూదాన్ బతుకంతా చూసుకుంటే ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

ఆయన 1824 జూలై 12న ఓన్‌ఫ్లర్‌లో పుట్టాడు. సెయిన్ నది సముద్రంలో కలిసేచోట దక్షిణపు ఒడ్డున ఉన్న చిన్న రేవు అది. ఎదుటి ఒడ్డున లె హావ్ర్ అనే పెద్ద ఓడరేవు. తండ్రి ఓడ మనిషి. పిల్లవాడిగా బూదాన్ కూడా పడవ మీద పనికి వెళ్ళాడు. మబ్బు ఏ వైపు నుంచి లేస్తే ఏమవుతుందో పడవ మీద పెరిగిన పిల్లాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. 1835లో కుటుంబం లె హావ్ర్‌కు మారింది. అక్కడ స్టేషనరీ, ఫ్రేముల దుకాణంలో పనికి కుదిరి, 1844లో ఇంకొకరితో కలిసి సొంతంగా అలాంటి దుకాణమే పెట్టుకున్నాడు. వేసవికి తీరానికి వచ్చే చిత్రకారులు కాగితాలకూ ఫ్రేములకూ అక్కడికే వచ్చేవాళ్ళు. త్రోయోన్, మిల్లే, ఇజాబే వంటి చిత్రకారుల బొమ్మలు ఆ కొట్లోనే జనం కంట పడేవి. వాటిని చూసీ చూసీ ఇరవై రెండేళ్ళ వయసులో కొట్టు వదిలేసి కుంచె పట్టుకున్నాడు. ఆ నిర్ణయం తిండిపెట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1851లో లె హావ్ర్ పురపాలకులు మూడేళ్ళకు వేతనం ఇచ్చి పారిస్‌లో చదువుకోమన్నారు. ఆయన లూవ్ర్‌లో మ్యూజియంలోని పాతకాలపు చిత్రకారుల బొమ్మలకు నకళ్ళు వేస్తూనే మనసంతా తీరం మీద పెట్టుకున్నాడు.

పారిస్‌లో కొన్నాళ్ళు త్రోయోన్ దగ్గర పనిచేశాడు. పశువుల బొమ్మలకు త్రోయోన్‌కి మంచి గిరాకీ ఉండేది. ఆ బొమ్మల్లో ఆకాశాలు వేసే పని బూదాన్‌ది. పేరు ఒకరిది, మబ్బు ఇంకొకరిది. ప్రకృతి దృశ్యాల చిత్రకారుడు కోరో అయితే బూదాన్‌ని ఏకంగా ఆకాశాలకు రాజు అన్నాడు.

ఆ పాస్టెల్ కాగితాల దగ్గర కాస్త ఆగుదాం, అసలు చదువంతా అక్కడే జరిగింది. మబ్బు నిలిచి ఉండదు. వాయవ్యపు గాలి రోజున ఒక తెల్లటి మబ్బు పుట్టి, పెరిగి, అంచులు చెదిరి, రూపు మారడానికి పది పదిహేను నిమిషాలు చాలు. తైలవర్ణమైతే ప్యాలెట్ మీద రంగు కలిపేలోపే ఆ మబ్బు పోతుంది. పాస్టెల్‌కి కలపడం లేదు, ఆరడం లేదు. కర్ర తీసి కాగితం మీద పడుకోబెట్టి లాగితే మబ్బు కడుపు, వేలితో ఒక్కసారి రుద్దితే దాని నీడ. కాగితం తెల్లగా కాకుండా బూడిదరంగులోనో లేత నీలంలోనో ఉంటే సగం పని అయిపోయినట్టే. మధ్యరకం ఛాయ కాగితమే ఇస్తుంది, మనం వెలుగూ నీడా వేస్తే చాలు. పాస్టెల్‌తో వచ్చే చిక్కులూ ఉన్నాయి. కాగితం నున్నగా ఉంటే పొడి పట్టదు, రాలిపోతుంది. రాలకుండా ఫిక్సేటివ్ కొడితే లేత రంగులు నల్లబడతాయి, మబ్బుల్లో మొదట చచ్చేది ఆ లేత రంగులే. వేలితో ఎక్కువగా రుద్దితే అంచులన్నీ ఒకేలా మెత్తబడి మబ్బు పొగలా తయారవుతుంది. మబ్బుకు ఎండ తగిలే వైపు అంచు గట్టిగా, అవతలి వైపు మెత్తగా ఉండాలి. బూదాన్ పాస్టెళ్ళలో ఈ తేడా ఒక్కచోట కూడా తప్పదు.

ఆ తీరంలో గాలి పేరు రాసుకోవడానికి కారణం ఉంది. నైరుతి గాలి అట్లాంటిక్ నుంచి తేమ మోసుకొస్తుంది. అప్పుడు ఆకాశమంతా పలుచని బూడిద తెర, సముద్రానికీ ఆకాశానికీ మధ్య గీత కరిగిపోతుంది. వాన దాటిపోయి గాలి వాయవ్యానికి తిరిగితే తెర తొలగి, లోతైన నీలం, దాని మీద తెల్లటి మబ్బు గుట్టలు, మధ్యమధ్య జల్లులు, దూరపు ఓడ కూడా గీసినట్టు కనిపిస్తుంది. తూర్పు గాలి పొడిగా ఉండి లేత పొగమంచులాంటి మసక తెస్తుంది. ఒక్క మాటలో గాలి పేరు రాసిపెట్టుకుంటే, చలికాలంలో పారిస్ గదిలో కూర్చుని ఆ కాగితం తీసినప్పుడు ఏ నీలం వాడాలో, గీత ఎంత స్పష్టంగా ఉండాలో తేల్చుకోవచ్చు.

తర్వాత ఇంప్రెషనిస్టుగా పేరు పొందిన చిత్రకారుడు మోనేతో బూదాన్ పరిచయం కథ చాలామందికి తెలిసిందే, అయినా చెప్పకుండా దాటెయ్యలేం. లె హావ్ర్‌లో ఒక ఫ్రేముల కొట్టు కిటికీలో ఊరి పెద్దమనుషుల వ్యంగ్యచిత్రాలు వేలాడేవి. అవి వేసింది పదిహేడేళ్ళ మోనే. ఆ పక్కనే బూదాన్ సముద్రాలు ఉండేవి, అవంటే కుర్రాడికి గిట్టేది కాదు. తనకంటే పదహారేళ్ళు పెద్దయిన బూదాన్ మాత్రం విసుక్కోకుండా, ఆరుబయటకు వచ్చి వెయ్యమని పిలుస్తూనే ఉన్నాడు. చివరికి ఇద్దరూ రూయెల్ అనే ఊరివైపు వెళ్ళారు. బూదాన్ బొమ్మ నిలబెట్టే ఈజిల్ దించి పని మొదలుపెట్టగానే తన కళ్ళ ముందు తెర చిరిగినట్టయిందని మోనే తర్వాత చెప్పుకున్నాడు. తాను చిత్రకారుడినయ్యానంటే అది బూదాన్ చలవేనని ముసలితనంలో కూడా అనేవాడు. ఆరుబయట వేసిన మూడు కుంచెపోట్లు గదిలో ఈజిల్ ముందు రెండు రోజుల పనికంటే మేలని బూదాన్ నమ్మకం. ఆరుబయట మారిపోయే వెలుతురును అప్పటికప్పుడు పట్టుకోవాలనే ఇంప్రెషనిజం అనే పేరు పుట్టకముందే ఆ చిత్రకళా ఉద్యమానికి కావలసిన సగం పాఠం ఆ మాటలో ఉంది.

ఇక త్రూవిల్. ఓన్‌ఫ్లర్ నుంచి తీరం వెంబడి పడమటికి పదిహేను కిలోమీటర్లు. 1863లో రైలు అక్కడిదాకా వచ్చింది. పారిస్ ధనవంతులు పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి ఇసుక మీద ఉండొచ్చు. ఫ్రాన్సు చక్రవర్తి నెపోలియన్ 3 దర్బారు మనుషులు కూడా వచ్చేవాళ్ళు. ఈ జనాన్ని బొమ్మల్లో పెట్టమని బూదాన్‌కి సలహా ఇచ్చింది ఇజాబే అంటారు. 1862 ప్రాంతం నుంచి ఆ బీచ్ బొమ్మలు వరసగా మొదలయ్యాయి. అంతకుముందు సముద్రం బొమ్మ అంటే తుఫాను, ఓడ పగలడం, చేపల పడవలు. ఒడ్డున ఊరికే కూర్చున్న షోకుమనుషుల్ని బొమ్మకు వస్తువు చెయ్యడం కొత్త.

ఆ బొమ్మలు అచ్చులో చూసి పెద్దవనుకుంటారు గానీ చాలావరకు చిన్నవి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న 1863 నాటి త్రూవిల్ బొమ్మ చెక్క పలక మీద వేసింది, ఎత్తు 25.4 సెంటీమీటర్లు, వెడల్పు 45.7. అక్కడే ఉన్న రాకుమారి మెటర్నిక్ బొమ్మ అట్ట మీద వేసింది, 29.5కి 23.5. అంటే పెట్టె మూతలో ఇమిడే కొలతలు. తీరం మీద ఇది పెద్ద సౌకర్యం. సాగదీసిన పెద్ద కాన్వాసు గాలికి తెరచాపలా పట్టుకుని ఈజిల్‌ని పడదోస్తుంది. చిన్న పలక కదలదు, తడి రంగుతోనే పెట్టెలో పెట్టుకుని తీసుకెళ్ళొచ్చు. 1841లో వచ్చిన తగరపు రంగు ట్యూబులు కూడా అప్పటికి మామూలైపోయాయి. అవి రాకముందు పంది బ్లాడరు సంచుల్లో రంగు మోసుకెళ్ళేవాళ్ళు, ఒకసారి గుచ్చితే మళ్ళీ సరిగ్గా మూసుకునేది కాదు.

ఆ పలక దగ్గరికి జరిగి చూడండి. పైనుంచి దాదాపు మూడింట రెండు వంతులు ఆకాశం. మనుషులంతా ఒక పట్టీలా అడ్డంగా పరుచుకుని ఉంటారు. నిలబడ్డవాళ్ళ తలలు సముద్రపు గీతకు అటూ ఇటూగా వస్తాయి. ఇది అలంకారం కోసం చేసింది కాదు. చదునైన ఇసుక మీద నిలబడి చూస్తే, మన కంటి ఎత్తే సముద్రపు గీత ఎత్తు. మనంత ఎత్తు మనిషి పది అడుగుల దూరంలో ఉన్నా, రెండు వందల అడుగుల దూరంలో ఉన్నా తల ఆ గీత దగ్గరే ఉంటుంది, కాళ్ళు మాత్రం పైకి జరుగుతూ మనిషి చిన్నదవుతుంది. చిత్రకారుడు ముక్కాలిపీట మీద కూర్చుంటే గీత నిలబడ్డవాళ్ళ ఛాతీ దగ్గరకు దిగుతుంది. బీచ్ బొమ్మలు వేసేవాళ్ళు ఎక్కువగా చెడగొట్టేది ఇక్కడే. దూరపు మనుషుల్ని చిన్నగా వేసి తలలు కూడా కిందికి దించేస్తారు, దాంతో వాళ్ళు గోతిలో ఉన్నట్టు కనిపిస్తారు. బూదాన్ ఒక్క గీతతో ఇసుక మీద ఎంత దూరమైనా పరిచేశాడు.

ఆకాశంలో నీలం అంతటా ఒకటి కాదు. నెత్తిమీద ముదురు, కిందికి వచ్చేకొద్దీ లేత, సముద్రాన్ని తాకేచోట కాస్త పసుపు, కాస్త గులాబీ కలిసిన తెలుపు. మబ్బులు పైన పెద్దవి, కింద చిన్నవి, చదునైనవి, దగ్గరదగ్గరగా ఉంటాయి. దూరాన్ని చూపేది అదే. నీలం పలుచగా, మబ్బు తెలుపు మందంగా. తడి నీలం మీద తెలుపు వేస్తే కుంచె కింది నీలాన్ని పైకి లాగుతుంది, రెండో పోటుకే మబ్బు మురికి పడుతుంది. అందుకని తెలుపుకు వేరే కుంచె ఉంచుకోవాలి, ప్రతి పోటుకూ గుడ్డతో తుడవాలి, వేసిన చోట మళ్ళీ వెయ్యకూడదు. బూదాన్ మబ్బుల్లో కుంచె ఎక్కడ దిగి ఎక్కడ లేచిందో ఈనాటికీ కనిపిస్తుంది. రంగుల మధ్య సందుల్లో అడుగు పూత కూడా అలాగే వదిలేశాడు, గాలి ఆడుతున్నట్టు ఉండేది అందువల్లే.

ఆ రోజుల్లో తెలుపంటే సీసపు తెలుపు. అది కాస్త వెచ్చగా ఉంటుంది, కుంచె గుర్తు నిలుస్తుంది, త్వరగా ఆరుతుంది. ఇప్పుడు ట్యూబుల్లో దొరికే టైటానియం తెలుపు చల్లటిది, పైగా బలమెక్కువ. దాన్ని అంతే కొలతలో వాడితే బూదాన్ ఆకాశం కాస్తా సున్నం కొట్టిన గోడ అవుతుంది. చిటికెడు యెల్లో ఓకర్ అనే మట్టి పసుపు కలిపి, సగం మోతాదుతో మొదలుపెట్టడం మంచిది. సీసం విషం కాబట్టి దానికోసం వెతకక్కర్లేదు.

మనుషుల సంగతి వేరు. వాళ్ళు కదలకుండా కూర్చోరు కాబట్టి బూదాన్ పెన్సిలుతో గీసి, కొంచెం నీటిరంగు పూసి, వేలకొద్దీ చిన్న కాగితాలు పోగు చేసుకున్నాడు. కుర్చీలో వెనక్కి వాలిన వీపు, చేతికర్ర, గొడుగు కింద రెండు టోపీలు, పరుగెత్తే కుక్క. చాలా బీచ్ బొమ్మలు ఆ కాగితాలు ముందు పెట్టుకుని గదిలో పూర్తి చేసినవే. మొహాలు ఉండవు. మొహం చోట ఒక గులాబీ చుక్క, టోపీ ఒక నల్ల మచ్చ. కాని ఎవరు అలిసిపోయారో, ఎవరు కబుర్లలో పడ్డారో వీపు చెబుతుంది. ఒక ఎర్ర శాలువానో, జెండానో మొత్తం బూడిదనీలాన్ని నిలబెడుతుంది. ఆ ఎరుపును వేలితో మూసి చూస్తే బొమ్మ ఎంత చప్పబడుతుందో తెలుస్తుంది.

ఇక గాలి. జెండా, టోపీ రిబ్బను, గొడుగు వాలు, లంగా ఉబ్బు, ఓడ పొగ, అన్నీ ఒకే వైపు. గాలి తగిలే వైపు లంగా ఒంటికి అంటుకుంటుంది, అవతలి వైపు ఉబ్బుతుంది. కూర్చున్నవాళ్ళు గాలికి వీపు పెట్టుకుంటారు, కుర్చీలన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. త్రూవిల్ కుర్చీల వరస చూసి గాలి ఎటో చెప్పొచ్చు, నాకు ఆ బొమ్మల్లో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

ఈ పద్ధతిని విశాఖ బీచిలోనో సూర్యలంకలోనో ప్రయత్నించేవాళ్ళకు ఒక్క మాట. త్రూవిల్ తీరం వాయవ్యానికి తిరిగి ఉంటుంది, సాయంత్రం వెలుగు సముద్రం మీదుగా వస్తుంది. మనకు అది పొద్దున జరుగుతుంది, సాయంత్రం ఎండ వీపు వెనక నుంచి. అక్కడ పెద్ద పోటు రోజుల్లో నీరు ఏడు మీటర్ల దాకా ఎక్కి దిగుతుంది, ఆటు సమయంలో తడి ఇసుక ఫర్లాంగుల కొద్దీ అద్దంలా ఆకాశాన్ని చూపిస్తుంది. విశాఖలో ఆ తేడా మనిషి ఎత్తు కూడా ఉండదు, తడి ఇసుక సన్నటి పట్టీ మాత్రమే. అందుకని బూదాన్ కూర్పు ఇక్కడ యథాతథంగా కుదరదు, ఆ మెరుపు పట్టీని సన్నబరచాలి.

అంత పేరు తెచ్చిన ఆ జనమంటే బూదాన్‌కి ఏమనిపించేది? ఆయన ఉత్తరాల్లో రెండు మాటలూ ఉన్నాయి. 1867లో బ్రిటనీలో నెల రోజులు కష్టజీవుల మధ్య గడిపి త్రూవిల్ తిరిగొచ్చాక, ఆ సోమరి ధనవంతుల్ని చూస్తే జాలేస్తోందనీ, వాళ్ళను వెయ్యడానికి కొంచెం సిగ్గుగా కూడా ఉందనీ రాశాడు. అయితే దేవుడు వెలుతురును అంతటా పరిచాడనీ, తాము వేసేది ఆ సమాజాన్ని కాదు, దాన్ని చుట్టుకుని ఉన్న గాలినీ వెలుగునీ అనీ వెంటనే సర్ది చెప్పుకున్నాడు. మరుసటి ఏడు ఇంకో ఉత్తరంలో, రైతులకు వాళ్ళ చిత్రకారులున్నారు, సూర్యాస్తమయం వైపు నడిచే ఈ డబ్బున్న మధ్యతరగతి మనుషులకు మాత్రం కాన్వాసు మీద చోటు అక్కర్లేదా అని వాదించాడు. రెండూ నిజాయితీగా రాసినవే. మొదటి ఉత్తరంలో చెప్పిన ఆ చుట్టుకున్న గాలే ఆయన అసలు వస్తువు.

1870 వేసవిలో మోనే కొత్తగా పెళ్ళాడిన కమీల్‌నీ, పిల్లవాడు జాన్‌నీ తీసుకుని త్రూవిల్ వచ్చాడు. బూదాన్ దంపతులూ అక్కడే ఉన్నారు. అప్పుడు మోనే వేసిన ఒక బీచ్ బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, అందులో రంగులో చిక్కుకున్న ఇసుక రేణువులు ఇప్పటికీ ఉన్నాయి. తడి రంగు మీద తీరపు గాలి చేసే పని అది, వెంటనే గీకితే రంగు పోతుంది, ఆరాక వాటంతటవే రాలేవి రాలతాయి. ఇరవై ఏడేళ్ళ తర్వాత, 1897లో, బూదాన్ ఆ వేసవిని తలచుకుంటూ మోనేకి ఉత్తరం రాశాడు. ఆనాటి బొమ్మ ఒకటి తన దగ్గరే ఉందనీ, అందులో తెల్లబట్టల్లో ఆడవాళ్ళున్నారనీ, బుల్లి జాన్ ఇసుకలో ఆడుతున్నాడనీ, వాళ్ళ నాన్న స్కెచ్ పుస్తకం చేతిలో పెట్టుకుని పనిచెయ్యకుండా కూర్చున్నాడనీ. కమీల్ 1879లో, బూదాన్ భార్య మరియాన్ 1889లో అప్పటికే పోయారు. ఆ ఉత్తరం రాసిన మరుసటి ఏడాదే ఆయనా పోయాడు.

తర్వాతి జీవితం గురించి క్లుప్తంగానే చెబుతాను. 1874లో ఫోటోగ్రాఫర్ నాదార్ స్టూడియోలో జరిగిన మొదటి ఇంప్రెషనిస్టు ప్రదర్శనలో ఆయన బొమ్మలూ ఉన్నాయి, కాని ఆ గుంపులో ఆయన ఇమడలేదు, సలోన్‌కి పంపడం మానలేదు. డబ్బు ఇబ్బంది తీరింది ద్యురాన్ రువెల్ అనే వ్యాపారి 1880ల్లో బొమ్మలు కొనడం మొదలుపెట్టాకే. 1883లో ఆయన బొమ్మలతో పెద్ద ప్రదర్శన జరిగింది. 1889 విశ్వప్రదర్శనలో బంగారు పతకం, 1892లో ఫ్రాన్సు ప్రభుత్వపు లెజియోన్ దొనర్ బిరుదు. బెల్జియం, హాలండ్, బోర్దో, బ్రిటనీలోని కమరే రేవు, చివరి ఏళ్ళలో దక్షిణ ఫ్రాన్సు, వెనిస్. వెనిస్‌లో కూడా ఆయన వెతికింది బూడిద వెలుగునే. ఆ నగరాన్ని అందరూ మండే రంగుల్లో వేస్తారు గానీ నిజానికి అది ముసుగేసిన వెలుతురున్న ఊరని ఆయన పట్టుకున్నాడు. జబ్బు ముదిరాక తన తీరానికే చేరి 1898 ఆగస్టు 8న త్రూవిల్ పక్కనే ఉన్న దోవిల్‌లో కన్నుమూశాడు.

స్టూడియోలో మిగిలిన పనిలోంచి రెండు వందలకు పైగా బొమ్మలను తమ్ముడు లూయీ 1900లో లె హావ్ర్ మ్యూజియానికి ఇచ్చాడు. పాత మ్యూజియం భవనం 1944 బాంబుదాడుల్లో కూలిపోయింది. ఇప్పుడున్న గాజు భవనం 1961లో రేవు ముఖద్వారం దగ్గర కట్టింది. ఓన్‌ఫ్లర్‌లో ఆయన పేరు మీదే మ్యూజియం ఉంది, పాస్టెళ్ళు చూడాలంటే అక్కడికి వెళ్ళాలి. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు న్యూయార్క్ మెట్రోపాలిటన్, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ దగ్గర. కాని పని నేర్చుకోవాలనుకునేవాళ్ళు మాత్రం లె హావ్ర్‌లోని అసంపూర్తి పలకల ముందు నిలబడాలి. ఆవుల బొమ్మలు అక్కడ చాలా ఉన్నాయి, వాటిలో కొన్నింటికి కాళ్ళు కూడా పూర్తిగా లేవు. ఏ రంగు ముందు పడిందో, దాని మీద ఏది వచ్చిందో, ఎక్కడ ఆపేశాడో పూర్తయిన త్రూవిల్ బొమ్మకంటే అవే విడమరిచి చెబుతాయి.